వీలునామా లేకుండా పోయిన నాన్నగారి ఆస్తులకు అన్నయ్యను ‘అడ్మినిస్ట్రేటర్’గా పెట్టుకోవాలా?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. నాన్నగారు గుంటూరులో ఉండేవారు, వీలునామా రాయకుండా పోయారు. గుంటూరులో సొంతంగా కట్టుకున్న ఇల్లు, తాతగారు నాన్నకూ బాబాయికీ పంచి ఇచ్చిన పొలంలో మూడెకరాలు, హైదరాబాద్‌లో ఒక ఫ్లాటు ఉన్నాయి. ఒక బ్యాంకులో నామినీ లేని ఎఫ్‌డీలు 22 లక్షలు, ఇంకో బ్యాంకులో అమ్మగారు నామినీగా 6 లక్షలు, కొద్దిగా షేర్లు, ఒక లాకరు. ఇంట్లో అమ్మగారు, అన్నయ్య, మీరు, డాలస్‌లో ఉన్న అక్క. ‘నానమ్మ మాతోనే ఉంటారు’ అని చివర్లో ఒక ముక్క రాశారు. మీరు అడిగింది రెండు విషయాలు. అన్నయ్యను ఆస్తుల నిర్వాహకుడిగా నియమించడానికి ఎక్కడికి వెళ్లాలి, ఎమ్మార్వో ఇచ్చిన సర్టిఫికెట్‌తో అన్నీ అయిపోతాయా.

చివర్లో రాసిన ఆ నానమ్మ ముక్కే మీ కేసులో అన్నిటికన్నా ముఖ్యం. దాని సంగతి కాసేపట్లో.

మొదటి ప్రశ్నకు సూటి జవాబు: మీరంతా ఒక మాట మీద ఉంటే కోర్టు చేత ఎవర్నీ నియమింపజేసుకోనక్కర్లేదు. అమెరికాలోనో ఇంగ్లండులోనో మనిషి పోగానే కోర్టు ఒక అడ్మినిస్ట్రేటర్‌ను వేస్తుంది, ఆయన అప్పులు తీర్చి మిగిలింది పంచుతాడు. మీ అక్కగారు అక్కడ చూసింది ఆ పద్ధతే కాబట్టి ఇక్కడా అంతే అనుకుని ఉంటారు. మన దగ్గర 1925 నాటి భారత వారసత్వ చట్టం 212వ సెక్షన్ కోర్టు నియామకం తప్పదన్న నిర్బంధం నుంచి హిందువులు, ముస్లింలు, బౌద్ధులు, సిక్కులు, జైనులు, భారతీయ క్రైస్తవులు, పార్శీలను మినహాయించింది. హిందువు వీలునామా లేకుండా పోయిన క్షణానే ఆస్తి వారసుల చేతికి వచ్చేసినట్టు లెక్క. తర్వాత మీరు తెచ్చుకునే కాగితాలేవీ కొత్తగా హక్కు పుట్టించవు. బ్యాంకువాళ్లకో రిజిస్ట్రారుకో ‘ఫలానావాళ్లు వారసులు’ అని నమ్మకం కలిగించడానికే అవన్నీ. కాబట్టి ‘ఎవర్ని నియమించాలి’ అని కాకుండా ‘ఏ ఆస్తికి ఏ కాగితం’ అని మొదలుపెడితే పని సగానికి తగ్గుతుంది.

ఇక వారసులెవరో చూద్దాం. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం మగవారి స్వార్జితం మొదటి తరగతి వారసులకు పోతుంది. భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా అందులో ఉంది. తండ్రి మాత్రం రెండో తరగతిలో ఉన్నాడు. వింతగా ఉన్నా చట్టం అదే. అక్కకు పెళ్లయిందా, అమెరికాలో ఉందా అన్నది వాటాకు అడ్డు కాదు. కాబట్టి ఇల్లు, ఫ్లాటు, డబ్బు నాన్నగారి స్వార్జితమైతే నానమ్మ, అమ్మ, అన్నయ్య, అక్క, మీరు, మొత్తం ఐదు సమాన వాటాలు.

పొలం లెక్క వేరు. తాతగారు బతికుండగా జరిగిన కుటుంబ పంపకంలో వచ్చింది గనుక మీ తరానికి అది పిత్రార్జితం. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన సవరణతో కూతురికీ పుట్టుకతోనే హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్న వాదాన్ని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇప్పుడు నాన్నగారు పోయే ముందు నిమిషం పంపకం జరిగినట్టు ఊహించాలి. నాన్న, అన్నయ్య, అక్క, మీరు, తలా నాలుగో వంతు. మన దక్షిణాది సంప్రదాయంలో ఈ ఊహా పంపకంలో భార్యకు విడిగా వాటా రాదు. తర్వాత నాన్నగారి నాలుగో వంతు మాత్రమే ఐదుగురికి పోతుంది. మూడెకరాలంటే 300 సెంట్లు. పిల్లలు ముగ్గురికీ తలా 90 సెంట్లు, అమ్మకు 15, నానమ్మకు 15. ‘అందరికీ సమానంగా 60 సెంట్లు’ అని రాసుకున్న కాగితాలు బోలెడు తిరుగుతుంటాయి. అందరూ ఒప్పుకుని అలా పంచుకుంటే తప్పేం లేదు, కానీ అది మీ ఒప్పందమే తప్ప చట్టం ఇచ్చిన లెక్క కాదని తెలిసి సంతకం పెట్టండి. ఇంకో మాట. తాతల నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం కాదు. తాతగారి స్వార్జితం ఆయన పోయాక 1956 చట్టం ప్రకారం కొడుక్కి దిగితే, ఆ కొడుకు చేతిలో అది స్వార్జితం లాంటిదే. అందుకే పాత పంపకాల దస్తావేజు నకలు తీయించి చదివించుకున్నాకే ఈ లెక్క వేయండి.

ఇప్పుడు నానమ్మ. పెద్దావిడ కదా, ఆవిడకెందుకు ఇవన్నీ అని ఎమ్మార్వో ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో పేరు పెట్టించకుండా వదిలేస్తారు. మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. నామినీ లేని 22 లక్షల్లో ఆవిడ వాటా 4 లక్షల 40 వేలు. ఆవిడ ఏమీ రాయకుండా పోతే ఆ వాటా ఆవిడ పిల్లలకు, అంటే బాబాయికి, మేనత్తకు, మీ నాన్నగారి శాఖ కింద మీ ముగ్గురు పిల్లలకు పోతుంది. అంటే మీ ఇంట్లో, ఫ్లాటులో, పొలంలో బాబాయికీ అత్తకూ తలా ఒక చిన్న ముక్క. మీ అమ్మగారికి అందులో చిల్లిగవ్వ రాదు, ఎందుకంటే ముందే పోయిన కొడుకు భార్య అత్తగారికి ఆ వరసలో వారసురాలు కాదు. రేపు ఫ్లాటు అమ్మబోతే కొనేవాడి లాయరు ‘బాబాయి సంతకమేది’ అంటాడు. నానమ్మ మంచి తెలివిలో ఉండగానే, ఆవిడకు ఇష్టమైతేనే, తన వాటాను ఎవరికి వదులుతోందో చెప్పి రిజిస్టర్డ్ విడుదల దస్తావేజు గానీ దానపత్రం గానీ రాయించుకోండి, లేదా ఆవిడ చేత వీలునామా రాయించండి. ఇష్టం లేదంటే ఆవిడ వాటా ఆవిడకు ఇచ్చేయాలి, అందులో చర్చ లేదు. నడవలేని మనిషైతే సబ్‌రిజిస్ట్రారును ఇంటికి పిలిపించి రిజిస్టర్ చేయించుకునే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది.

ఎమ్మార్వో సర్టిఫికెట్ సంగతి. ముందు మరణ ధ్రువపత్రం. చావును 21 రోజుల్లో నమోదు చేయించాలి. దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోవాలి. ఆ ధ్రువపత్రంలో పేరు, తండ్రి పేరు, చనిపోయిన తేదీ అక్షరం అక్షరం చూసుకుని కనీసం పది నకళ్లు తీసుకోండి. తర్వాత ఆంధ్రలో సచివాలయం లేదా మీసేవ ద్వారా, తెలంగాణలో మీసేవ ద్వారా తహసీల్దారుకు దరఖాస్తు పెడితే విచారణ చేసి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఇస్తారు. ఇది కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పే పత్రం. ఫ్యామిలీ పెన్షన్‌కు, చిన్న మొత్తాల క్లెయిములకు, పొలం పాసుబుక్ మార్పుకు, రిజిస్ట్రేషన్‌లో ఆధారంగా పెట్టడానికి బాగా పనికొస్తుంది. వారసుల మధ్య తగాదా వస్తే మాత్రం దీంతో ఏమీ తేలదు, హక్కు తేల్చే అధికారం తహసీల్దారుకు లేదు. అన్నట్టు, ఫ్యామిలీ పెన్షన్ ఉంటే అది అమ్మగారిది. దాన్ని పంపకాల లెక్కలోకి లాగకండి.

బ్యాంకుల దగ్గరికి వద్దాం. అమ్మగారు నామినీగా ఉన్న 6 లక్షలు తేలిక. మరణ పత్రం, నామినీ గుర్తింపు, క్లెయిమ్ ఫారం ఇస్తే ఇచ్చేయాలి, వారసత్వ కాగితాలు అడగకూడదు. అయితే నామినీ అంటే డబ్బు అందుకునే చేయి మాత్రమే, యజమాని కాదు. షేర్ల విషయంలోనూ అంతేనని 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. బీమా పాలసీల్లో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీ అయితే ఆ డబ్బు వాళ్లకే సొంతం. ఎల్ఐసీ కాగితాలు విడిగా పెట్టమనేది అందుకే.

22 లక్షల ఎఫ్‌డీలకు నామినీ లేరు. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నామినీ లేకపోయినా తగాదా లేని క్లెయిము వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల దాకా, సహకార బ్యాంకుల్లో 5 లక్షల దాకా కోర్టు కాగితం లేకుండా, ఇండెమ్నిటీ బాండు (తర్వాత నష్టం వస్తే మేం భరిస్తామన్న హామీపత్రం), మిగతా వారసుల నిరభ్యంతర పత్రం తీసుకుని తేల్చాలి. కాగితాలన్నీ ముట్టిన 15 రోజుల్లో చెల్లించాలి. మీది ఆ పరిమితి దాటింది. అయినా నేరుగా కోర్టుకు పరుగెత్తకండి. ముందు బ్రాంచికి రాతపూర్వకంగా ఒక లేఖ ఇచ్చి, చనిపోయిన తేదీకి ఏ ఖాతాలో ఎంత ఉంది, క్లెయిముకు ఏయే పత్రాలు కావాలి అని అడిగి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. ఆ జవాబు రెండు విధాల అక్కరకొస్తుంది. కోర్టు తప్పించుకునే దారి ఉంటే తెలుస్తుంది, లేకపోతే కోర్టు పిటిషన్‌లో పెట్టే షెడ్యూలుకు, అంటే ఆస్తుల జాబితాకు, అదే ఆధారం.

ఒక్క హెచ్చరిక. నాన్నగారి ఏటీఎం కార్డు, ఫోన్లో యూపీఐ ఇంకా పనిచేస్తున్నాయి కదా అని డబ్బు తీయకండి. అంత్యక్రియల ఖర్చుకే తీసినా, తేదీ చూసిన అన్నదమ్ముడికో బ్యాంకుకో అది దొంగతనంగా కనిపిస్తుంది. ఖర్చు ఎవరైనా పెట్టి రసీదులు దాచండి. తగిన మేరకు అంత్యక్రియల ఖర్చు ఆస్తిలోంచి అన్నిటికన్నా ముందు తీసుకోవచ్చని చట్టమే చెబుతోంది. అలాగే నాన్నగారు బతికుండగా అన్నయ్యకు జీపీఏ (తన తరఫున పనులు చేసే అధికారపత్రం) ఇచ్చారని రాశారు. అది ఆయనతోనే పోయింది. దాన్ని పట్టుకుని ఒక్క సంతకం కూడా చేయవద్దని అన్నయ్యకు చెప్పండి.

కోర్టు కాగితం తప్పదంటే సక్సెషన్ సర్టిఫికెట్, అంటే చనిపోయినవారికి రావాల్సిన డబ్బు, షేర్లు తీసుకోవడానికి వారసులకు కోర్టు ఇచ్చే పత్రం. నాన్నగారు పోయేనాటికి మామూలుగా నివసించిన చోటి జిల్లా కోర్టులో, లేదా ప్రభుత్వం ఆ అధికారం ఇచ్చిన కింది కోర్టులో వేయాలి. మీకది గుంటూరు. మన కోర్టుల్లో ఈ పిటిషన్‌ను ఎస్.ఓ.పి. అంటారు. అన్నయ్య ఒక్కరే పిటిషనరుగా ఉండి అమ్మ, నానమ్మ, మీరు, అక్క ప్రతివాదులుగా చేరి అభ్యంతరం లేదని చెప్పొచ్చు. మీరు ‘నియమించడం’ అన్నదానికి దగ్గరగా ఉండేది ఇదే. చనిపోయిన తేదీ, నివాసం, దగ్గరి బంధువుల పేర్లు చిరునామాలు, ఏ హక్కుతో అడుగుతున్నారు, ఏ అప్పుల కోసం, ఏ సెక్యూరిటీల (షేర్లు, బాండ్లు లాంటివి) కోసం అన్నది పిటిషన్‌లో ఉండాలి. అప్పులు అంటే ఇక్కడ నాన్నగారికి ఇతరులు ఇవ్వాల్సినవి. బ్యాంకు డిపాజిట్ కూడా బ్యాంకు ఆయనకు బాకీ ఉన్నట్టే లెక్క. తర్వాత నోటీసులు, పత్రికలో ప్రకటన. ఎవరూ రాకపోతే పిటిషనరు సాక్ష్యం, పత్రాల మార్కింగు, ఉత్తర్వు. ఆస్తి విలువ మీద శాతం లెక్కన కోర్టు రుసుము ఉంటుంది. తగాదా లేకపోయినా నెలలు పడుతుంది.

అందరూ తప్పటడుగు వేసేది షెడ్యూలు దగ్గర. సర్టిఫికెట్ పనిచేసేది అందులో రాసిన వాటికే. ఎఫ్‌డీ రెన్యూవల్ అయితే నంబరు మారే బ్యాంకులున్నాయి. పాత రసీదు నంబరు చూసి రాస్తే కౌంటరులో ‘ఈ నంబరు మా దగ్గర లేదండి’ అంటారు. కాబట్టి బ్యాంకు ఇచ్చిన తాజా లేఖలోని నంబరే వేయండి. మొత్తం రాసేటప్పుడు ‘అసలు ఇంత, ఫలానా తేదీ దాకా వడ్డీ ఇంత, చెల్లింపు రోజు దాకా వచ్చే వడ్డీతో సహా’ అని రాయించండి. ఉత్తర్వు వచ్చేసరికి వడ్డీ పెరిగి, రాసిన అంకె వరకే ఇస్తాం అనే మేనేజర్లు ఉంటారు. షేర్లకు డీమ్యాట్ ఖాతా సంఖ్య, కంపెనీ పేరు, ఐసిన్ (ఆ షేరు గుర్తింపు) సంఖ్య, ఎన్ని షేర్లు, బకాయి డివిడెండ్లు, బోనస్‌లతో సహా అని రాయాలి. పాసుబుక్కులో వెంకట సుబ్బారావు, ఆధార్‌లో సుబ్బారావు, షేర్లలో ఇంటిపేరు పూర్తిగా, ఇలా ఉంటే ఆ పేర్లన్నీ ‘అలియాస్’ అని పిటిషన్ మొదట్లోనే పెట్టేయాలి. పెట్టకపోతే ఆర్డరు వచ్చాక సవరణ పిటిషన్ వేసుకుంటూ తిరగాలి. ఏదైనా ఎఫ్‌డీ తర్వాత బయటపడితే కొత్త కేసు అక్కర్లేదు, 376వ సెక్షన్ కింద అదే సర్టిఫికెట్‌ను దానికీ పొడిగించమని అడగొచ్చు, కానీ మళ్లీ రుసుము, మళ్లీ తిరుగుడు. అందుకే పిటిషన్ వేసే ముందే పదేళ్లుగా కదలని ఖాతాల కోసం రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌లో నాన్నగారి పేరు కొట్టి చూడండి. పాత షేర్ల డివిడెండ్లు ఏడేళ్లు తీసుకోకపోతే కేంద్ర ప్రభుత్వ ఐఈపీఎఫ్ నిధికి వెళ్లిపోతాయి, అక్కడా వెతకండి. షేర్లు డీమ్యాట్‌లో 15 లక్షల లోపైతే, కాగితపు షేర్లు ఒక్కో కంపెనీలో 5 లక్షల లోపైతే, షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం సక్సెషన్ సర్టిఫికెట్ లేకుండానే బదిలీ చేయించుకునే వీలుంది. కాబట్టి వాటిని షెడ్యూలులో కలిపి రుసుము పెంచుకోవాలో లేదో లెక్కేసుకోండి.

సర్టిఫికెట్ అన్నయ్య పేర వచ్చిందంటే డబ్బు అన్నయ్యది అయిందని కాదు. బ్యాంకు ఆయనకు చెల్లిస్తే బ్యాంకు బాధ్యత తీరుతుంది, అంతవరకే. ఆ సొమ్ము ఐదుగురి తరఫున ఆయన చేతిలో ఉన్నట్టు. పెద్దన్న కదా అని గుడ్డిగా వదిలేసి మూడేళ్ల తర్వాత గొడవపడేకంటే, ఎవరి వాటా ఎంతో విడివిడిగా రాసి ఉత్తర్వు ఇవ్వమని పిటిషన్‌లోనే కోరండి. అప్పుడు బ్యాంకే నేరుగా ఎవరి ఖాతాలో వాళ్లకు వేస్తుంది. వారసుల్లో ఎవరైనా అభ్యంతరం పెట్టి, కోర్టు పైపై హక్కు చూసి ఒకరికి ఇవ్వాల్సి వస్తే సెక్యూరిటీ బాండు తీసుకోవడం తప్పనిసరి. తగాదా లేనప్పుడు అది కోర్టు ఇష్టం.

ఈ సర్టిఫికెట్ ఇంటికీ పొలానికీ ఎందుకూ పనికిరాదు. లాకరులోని బంగారానికి కూడా పనికిరాదు, అది ఎవరూ బాకీ ఉన్న అప్పు కాదు కదా. లాకరుకు నామినీ లేకపోయినా తగాదా లేకపోతే వారసులంతా కలిసి వెళ్లి, బ్యాంకు అధికారి, ఇద్దరు బయటి సాక్షుల ముందు తెరిచి జాబితా రాసి తీసుకోవచ్చు. జాబితాలో ‘గొలుసు 1’ అని కాకుండా ‘రెండు పేటల చంద్రహారం, 48 గ్రాములు’ అన్నట్టు తూకంతో రాయించండి. వీలైతే తూకం వేసే మనిషిని వెంట తీసుకెళ్లండి. అమ్మగారి పుట్టింటి బంగారం, ఆవిడ నగలు అదే లాకరులో ఉంటే అవి నాన్నగారి ఆస్తి కాదు. ఆ రోజే విడిగా జాబితా రాసేయండి.

ఇళ్లూ పొలమూ. అందరూ ఒప్పుకుంటే కోర్టు ప్రమేయం లేదు. రెండే దారులు. ఒకటి, ఎవరి భాగం వాళ్లు తీసుకుంటూ రిజిస్టర్డ్ పంపకాల దస్తావేజు. రెండు, వద్దనుకున్నవాళ్లు విడుదల దస్తావేజు. అక్క ‘నాకేం వద్దు, అమ్మకివ్వండి’ అని వాట్సాప్‌లో చెప్పడం, స్టాంపు కాగితం మీద నోటరీతో రాసి పంపడం చెల్లవు. స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టర్ కావాలి. అప్పటికే నోటి మాటతో జరిగిపోయిన ఏర్పాటును గుర్తుకోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు అన్నది నిజమే, కానీ ఆ కాగితం ‘ఇందుమూలంగా పంచుకుంటున్నాము’ అంటే చాలు, అది రిజిస్టర్ కావాల్సిన పత్రం అయిపోతుంది. వందేళ్లు నిలవాల్సిన ఆస్తికి ఈ సందు వెతుక్కోవడం నాకు నచ్చదు. గుంటూరు ఇంటికి, హైదరాబాద్ ఫ్లాటుకు వేర్వేరు దస్తావేజులు రాసుకోండి. రెండు రాష్ట్రాల స్టాంపు రేట్లు, రికార్డులు వేరు, ఒకే కాగితంలో కలిపితే రెండు చోట్లా ప్రశ్నలే. విడుదల ఎవరి పేరుకు చేస్తున్నారో పేరుతో రాయాలి. ‘మిగతా వారసులకు’ అని గాలికి రాస్తే అక్క వాటా అమ్మకు కాకుండా అందరికీ పోతుంది.

పొలానికి ఆంధ్రలో పట్టాదారు పాసుబుక్‌లో, 1బి, అడంగల్ అనే రెవెన్యూ రికార్డుల్లో పేర్లు మార్పించుకోవాలి. తెలంగాణలో ఉన్నవాళ్లు చదువుతుంటే, దీన్నే అక్కడ ఫౌతి, విరాసత్ అంటారు, 2025 నుంచి ధరణి స్థానంలో వచ్చిన భూభారతి చట్టం కింద తహసీల్దారు నోటీసులిచ్చి, విచారణ చేసి మారుస్తారు. అక్క ఎన్నారై అయినా పొలం వారసత్వంగా తీసుకోవచ్చు, కొనడం మాత్రమే కుదరదు. మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) అయినా, మునిసిపాలిటీలో పన్ను పేరు మారినా, కరెంటు మీటరు మారినా అవి హక్కు పత్రాలు కావు. అన్నయ్య ఒక్కరి పేర పాసుబుక్ మారిపోయిందని పొలం ఆయనదైపోదు. కానీ ఆ పాసుబుక్ మీద పంట రుణం పుట్టొచ్చు, అందుకే మొదటి నుంచే అందరి పేర్లతో చేయించండి.

అక్క రాలేకపోతే జీపీఏ పంపాలి. అమెరికాలో నోటరీ చేయించి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించాలి, లేదా భారత కాన్సులేటులో ధ్రువీకరించాలి. కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. కవరు మీద తేదీ కనిపించేలా దాన్ని దాచండి, రిజిస్ట్రారు ఎప్పుడొచ్చిందని అడుగుతారు. అధికారాలు రాసేటప్పుడు ‘నా తరఫున అన్నీ’ అని రాయవద్దు. ఏ ఆస్తి, సర్వే నంబరు లేదా డోరు నంబరు, సంతకం పెట్టాల్సింది పంపకానికా, విడుదలకా, ఎస్.ఓ.పి.లో సాక్ష్యం చెప్పడానికా, డబ్బు తీసుకోవడానికా, విడివిడిగా రాయాలి. మీరు కోర్టుకు వెళ్లకుండా అన్నయ్యకు ‘పగ్గాలు’ ఇవ్వాలనుకుంటే దారి కూడా ఇదే, మిగతా నలుగురూ అన్నయ్యకు పరిమిత అధికారాలతో రిజిస్టర్డ్ జీపీఏ. కావాలంటే రద్దు చేసుకోవచ్చు. అమ్మకాలకు మాత్రం అధికారం ఇవ్వకుండా మీ సంతకాలే ఉంచుకోండి.

అయితే అసలు ‘అడ్మినిస్ట్రేటర్’ ఎప్పుడు కావాలి? లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే అడ్మినిస్ట్రేటర్‌ను నియమిస్తూ కోర్టు ఇచ్చే పత్రం, అప్పులు, నగలు, స్థిరాస్తి, వ్యాపారం అంతా ఒకరి చేతిలో పెట్టి చక్కబెట్టాల్సి వచ్చినప్పుడు పనికొస్తుంది. మనిషి పెద్ద అప్పులతో పోయాడు, అప్పులవాళ్లు ఇంటి మీదికొస్తున్నారు. లేదా విదేశంలో బ్యాంకు ఖాతా ఉండి ఆ బ్యాంకు ఇక్కడి కోర్టు నియామకపత్రం లేకుండా కదలనంటోంది. లేదా వారసులు పన్నెండుమంది నాలుగు దేశాల్లో ఉన్నారు. ఇలాంటప్పుడు. హిందువుల విషయంలో 218వ సెక్షన్ ప్రకారం ఆస్తిలో వాటా ఉన్న ఎవరైనా అడగొచ్చు. ఇద్దరు ముగ్గురు అడిగితే ఒకరికిస్తుందో కలిపిస్తుందో కోర్టు ఇష్టం. వారసులెవరూ ముందుకు రాకపోతే అప్పిచ్చినవాడు కూడా అడగొచ్చు. మైనరుకు ఇవ్వరు. చనిపోయి 14 రోజులు దాటకుండా ఇవ్వరు.

ఇక్కడ ఎవరూ చెప్పని మెలిక ఒకటుంది. సక్సెషన్ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. జిల్లా కోర్టు ఇచ్చే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ మామూలుగా ఆ రాష్ట్రం దాకానే. రాష్ట్రం బయటి ఆస్తి విలువ పదివేల రూపాయలు దాటితే హైకోర్టుకు వెళ్లాలి. పదివేలు అన్నది పాతకాలపు అంకె, ఇంకా మార్చలేదు. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ ఫ్లాటు, గుంటూరు ఇల్లు ఒకే రాష్ట్రంలో ఉండేవి. 2014 జూన్ 2 నుంచి కావు. మీలాంటి కుటుంబాలు ఈ దారిలో వెళ్తే ఏ కోర్టులో వేయాలన్నది మొదటే తేల్చుకోవాలి.

నియమితుడైన మనిషి మీద బరువు తక్కువేం కాదు. కోర్టుకు అడ్మినిస్ట్రేషన్ బాండు, సాధారణంగా జామీనుతో. ఆరు నెలల్లో ఆస్తి అప్పుల జాబితా, ఏడాదిలో లెక్కలు దాఖలు చేయాలి. కోర్టు అనుమతి లేకుండా స్థిరాస్తి అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఐదేళ్లకు మించి లీజుకివ్వకూడదు. ఇస్తే వాటాదారుల్లో ఎవరైనా రద్దు చేయించొచ్చు. ఇద్దర్ని కలిపి నియమిస్తే ఇద్దరూ సంతకం పెడతారనుకోకండి. కోర్టు వేరే చెప్పకపోతే ఒక్కరే అన్నీ చేయొచ్చని 311వ సెక్షన్. అన్నయ్య, మీరు ఇద్దరూ ఉండాలనుకుంటే ‘ఇద్దరి సంతకంతోనే’ అన్న షరతు ఉత్తర్వులో పెట్టించుకోవాలి. వారసులు ఒకరి ముఖం ఒకరు చూసుకోని స్థితిలో ఉంటే ఈ దారి దండగ, ఎలాగూ దావాగా మారుతుంది. అప్పుడు నేరుగా పార్టిషన్ సూట్ (పంపకాల దావా) వేయడమే నయం.

మీకు వర్తించకపోయినా ఇలాంటి ప్రశ్నతో వచ్చేవాళ్ల కోసం రెండు ముక్కలు. వారసుల్లో మైనరు ఉంటే తల్లి సంతకంతో ఆ పిల్లవాడి స్థిరాస్తి వాటాను అమ్మడం, విడుదల చేయడం కోర్టు అనుమతి లేకుండా కుదరదు. చేస్తే మేజరయ్యాక మూడేళ్లలో వాడు రద్దు చేయించగలడు. డబ్బు వాటాను పిల్లవాడి పేర 18 ఏళ్లు నిండేదాకా డిపాజిట్ చేయించడం మంచిది. క్రైస్తవులకైతే పిల్లలున్నప్పుడు భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు, తల్లికి ఏమీ రాదు. ముస్లిం కుటుంబాల్లో పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, మిగిలినదాంట్లో కూతురి వాటాకు రెట్టింపు కొడుక్కి. కాగితాల దారి మాత్రం దాదాపు ఇదే.

నాన్నగారి అప్పులుంటే పంచుకోకముందే తీర్చండి. వారసుల బాధ్యత తమకు వచ్చిన ఆస్తి మేరకే, సొంత జేబులోంచి కాదు. కానీ పంచేసుకుని ఖర్చుపెట్టాక అప్పులవాడు వస్తే ఆ మేరకు మీరే తెచ్చివ్వాలి. ఆయన మీదో, ఆయన వేసిందో ఏదైనా సివిల్ కేసు నడుస్తుంటే చనిపోయిన 90 రోజుల్లో వారసుల్ని చేర్చమని పిటిషన్ పడాలి. బంధువులు దినకర్మల హడావుడిలో ఉండగా జారిపోయేది ఈ గడువే, ఈ వారమే ఆయన లాయరుకు ఫోను చేయండి. కారో బండో ఉంటే 30 రోజుల్లో ఆర్టీఓకు తెలిపి, మూడు నెలల్లో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో అన్నయ్యను లీగల్ హెయిర్‌గా నమోదు చేయించండి, దానికి ఎమ్మార్వో ఇచ్చిన ఆ కుటుంబ సభ్యుల పత్రం సరిపోతుంది. ఏప్రిల్ ఒకటి నుంచి చనిపోయిన రోజు దాకా ఆదాయం నాన్నగారి పాన్ మీద, ఆ తర్వాతి వడ్డీ, అద్దెలు వారసుల పాన్‌ల మీద చూపించాలి. రిఫండు రావాల్సి ఉంటే అది కూడా ఆస్తే, ఐదో వంతు నానమ్మది.